నివేదిక సరే, ఫీల్డు చూపించండి

మార్కెట్ రీసెర్చ్ కంపెనీల యాజమాన్యాలకు, ఆ రంగంలోని సంఘాల బాధ్యులకు, పరిశ్రమల శాఖ అధికారులకు ఒక చిన్న వ్యాపారి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను రాజమహేంద్రవరంలో ఇడ్లీ పిండి, దోశల పిండి ప్యాకెట్లు చేసి అమ్ముకునేవాణ్ణి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ పరిశ్రమ మాది. విశాఖపట్నంలో అమ్మకాలు మొదలుపెట్టే ముందు అక్కడ మా పిండికి గిరాకీ ఉందో లేదో తెలుసుకుందామని ఒక మార్కెట్ రీసెర్చ్ కంపెనీతో సర్వే చేయించాను. ఆ సర్వే తప్పని తేలింది. కంపెనీకి రెండు ఈమెయిళ్ళు, ఒక రిజిస్టర్డ్ ఉత్తరం పంపాను. మొదటిదానికి "మీ ఫీడ్‌బ్యాక్ సంబంధిత టీమ్‌కి పంపించాం" అని జవాబొచ్చింది. మిగతా రెండిటికీ అదీ లేదు. నాలుగు నెలలు ఆగి, ఇక ఆగలేక ఇది రాస్తున్నాను. ఆ కంపెనీ పేరు చెప్పడం లేదు. చెబితే ఇది మా ఇద్దరి గొడవగా మిగిలిపోతుంది. నాకు తెలిసిన మరో ఇద్దరు వ్యాపారులకు వేరే కంపెనీలతో దాదాపు ఇదే జరిగింది.

ముందు నా తప్పు చెబుతాను. మూడు కంపెనీలను కొటేషన్ అడిగాను. ఒకరు 7 లక్షల 40 వేలు అన్నారు, ఒకరు 6 లక్షల 10 వేలు, ఇంకొకరు 3 లక్షల 80 వేలు. 18 శాతం జీఎస్టీ ఎవరికైనా తప్పదు. నేను మూడోవాళ్ళకే ఇచ్చాను. గ్రైండర్ కొనేటప్పుడు రాయి తిప్పి చూస్తాను, మినప్పప్పు కొనేటప్పుడు పంటి కింద వేసుకుని చూస్తాను. సర్వే మాత్రం రంగురంగుల పీపీటీ చూసి కొన్నాను. 7 లక్షలు చెప్పిన కంపెనీ ఆవిడ నన్నొక ప్రశ్న అడిగారు: "కొనం అని జనం చెబితే మీరేం చేస్తారండీ?" పని మొదలు కాకముందే అపశకునంలా ఈ మాటేమిటి అనుకున్నాను. 3 లక్షల 80 వేల కంపెనీ ఏమీ అడగలేదు. "మూడు వారాల్లో ఇచ్చేస్తాం సార్, టెన్షన్ పడకండి" అంది. ఏమీ అడగకపోవడం చూసే వీళ్ళ మీద అనుమానం రావాల్సింది.

మూడు వారాలకు 84 పేజీల నివేదిక వచ్చింది. మొదటి 20 పేజీలు ప్రభుత్వ లెక్కలే. 2022-23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో తలసరి నెల ఖర్చు పల్లెల్లో 3,773 రూపాయలు, పట్టణాల్లో 6,459 రూపాయలు అని గ్రాఫులు గీసి పెట్టారు. ఆ లెక్కలు గణాంక మంత్రిత్వ శాఖ అందరికీ ఉచితంగా ఇచ్చేవేనని నాకు తర్వాత తెలిసింది. మిగతా పేజీల్లో అసలు సంగతి: విశాఖలో 400 కుటుంబాలను అడిగాం, గాజువాక, కంచరపాలెం, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మధురవాడ, ఒక్కోచోట 80 ఇళ్ళు. వారానికి ఒక్క ప్యాకెట్ అయినా కొంటామన్నవాళ్ళు 71 శాతం. గాజువాకలో అయితే 78.

ఆ 78ని చూసి గాజువాకలో గోడౌన్ తీసుకుని కోల్డ్ రూమ్ పెట్టించాను. ఇక్కడ రెండో షిఫ్టు మొదలుపెట్టి 11 మంది ఆడవాళ్ళను పనిలోకి తీసుకున్నాం. రోజుకు 1,200 ప్యాకెట్లు పంపితే మూడో వారానికి సగానికి పైగా వెనక్కి రావడం మొదలైంది. పిండి సబ్బు లాంటిది కాదు, ఈ వారం పోకపోతే వచ్చే వారం పోతుందిలే అని అరలో ఉంచడానికి. రాత్రి కరెంటు ఖర్చని కొట్టువాళ్ళు ఫ్రిజ్ ఆపేస్తే తెల్లారేసరికి ప్యాకెట్లు బూరెల్లా ఉబ్బిపోతాయి. వ్యాను తలుపు తీస్తే పులిసిన వాసన మొహాన కొట్టేది. పెరట్లో గొయ్యి తీసి అందులో పోశాం. మినప్పప్పండీ అది, బురద కాదు.

ఆ 11 మందిలో ఇప్పుడు పనిలో ఉన్నది ముగ్గురే. మిగతా ఎనిమిది మందికి "రేపటి నుంచి రావద్దు" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు, మా ఆవిడ చెప్పింది. వాళ్ళలో ఒకామె స్కూల్లో ఆయా పని మానుకుని మా దగ్గరికి వచ్చింది. ఆ పనిలో ఇప్పుడు ఇంకెవరో ఉన్నారు. వ్యాను నాది కాదు. మా వీధి కుర్రాడు నా మాట మీద ఫైనాన్సులో తీసుకున్నాడు. లోడు సగమైంది, కిస్తీ మాత్రం సగం కాలేదు. గాజువాక డిస్ట్రిబ్యూటరు కట్టిన డిపాజిట్టు నేను ఇంకా పూర్తిగా తిరిగి ఇవ్వలేకపోయాను. సర్వే తప్పైతే దాన్ని చేయించుకున్న వ్యాపారికి నష్టం అని మీరు అనుకుంటారు. నాకంటే ముందు దెబ్బ తగిలింది వీళ్ళకు.

అప్పుడు నేనే బయల్దేరి కంచరపాలెంలో నాలుగు రోజులు ఇళ్ళ చుట్టూ తిరిగాను. రెండో రోజే ఒకావిడ నా కళ్ళు తెరిపించింది. "మా వీధి చివర ఒకావిడ సాయంత్రం రుబ్బి అమ్ముతాదండి. గిన్నె పట్టుకెళ్తే గరిటెతో కొలిచి పోస్తాది. ఇరవై రూపాయల్ది అంటే ఇరవై రూపాయల్దే. మీ ప్యాకెట్టు ఎందుకండీ మాకు?" నా పోటీ పెద్ద బ్రాండ్లతో అనుకున్నాను. నా పోటీ స్టీలు బకెట్టుతో. 84 పేజీల్లో ఆ బకెట్టు ఊసే లేదు, ఎందుకంటే "ఇప్పుడు పిండి ఎక్కడ తెచ్చుకుంటున్నారు?" అని ఫారంలో అడగనే లేదు. అడిగింది ఇది: "నాణ్యమైన, పరిశుభ్రమైన పిండి అందుబాటు ధరలో లభిస్తే కొనుగోలు చేస్తారా?" వద్దనేవాడు ఎవడు?

తర్వాత కంపెనీని సర్వే డేటా ఫైలు అడిగాను. పైవాళ్ళకు తెలిసేలోపు ఒక ఉద్యోగి పంపేశాడు. అందులో జవాబిచ్చినవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశారు. అది సరైన పనే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఇంటర్వ్యూ మొదలైన సమయం, ముగిసిన సమయం, జీపీఎస్ పాయింటు అలాగే ఉన్నాయి. డిగ్రీ చదివే మా మేనల్లుడు ఒక సాయంత్రం కూర్చుని వాటిని వరుసలో పెట్టాడు. అంతకుముందు ఆ ఫారం మా ఆవిడను కూర్చోబెట్టి అడిగి చూశాను, 24 నిమిషాలు పట్టింది. ఫైలులో ఒక ఇంటర్వ్యూయర్ మధ్యాహ్నం 2.10 నుంచి 3.40 లోపు 13 ఫారాలు పూర్తి చేశాడు. అంటే ఒక్కోదానికి ఏడు నిమిషాలు, ఇంటి నుంచి ఇంటికి నడకతో కలిపి. "మధురవాడ" అని ఉన్నవాటిలో 37 ఫారాల జీపీఎస్ ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన ఒకే చోట ఉంది. మధురవాడ అక్కడి నుంచి పది కిలోమీటర్ల పైమాటే.

ఆ ఫారాలు నింపిన కుర్రాళ్ళలో ఒకణ్ణి ఒక కిరాణా కొట్టాయన ద్వారా కలిశాను. నేను తిట్టడానికే వెళ్ళాను, నిజం చెప్పాలంటే. "అపార్టుమెంట్లో వాచ్‌మన్ రానివ్వడు సార్. మామూలు ఇళ్ళకెళ్తే గేటు దగ్గరే ఏమీ కొనం పొమ్మంటారు. నిజంగా చేస్తే రోజుకి నాలుగైదు ఫారాలు. ఫారానికి 70. పెట్రోలు మాదే. సూపర్‌వైజరు రోజుకి పదిహేను కావాలంటాడు. మీరే చెప్పండి" అన్నాడు. వాడి సూపర్‌వైజరు విశాఖలో ఒక ఫ్రీలాన్సరు. ఆయనకు పని ఇచ్చింది హైదరాబాదులో ఒక ఫీల్డు ఏజెన్సీ, అంటే ఇళ్ళకు మనుషుల్ని పంపి అడిగించే సంస్థ. వాళ్ళకు ఇచ్చింది నేను డబ్బు కట్టిన కంపెనీ. 400 ఫారాలకు 70 చొప్పున 28 వేలు. నేనిచ్చిన 3 లక్షల 80 వేలలో ఇళ్ళ తలుపులు కొట్టేవాళ్ళకు చేరాల్సింది ఏడున్నర శాతం లోపే. నేను కొనుక్కున్నది మాత్రం ఆ తలుపుల వెనక ఉన్న మాటలనే.

ఎన్నికల సర్వే తప్పైతే ఊరందరికీ తెలిసిపోతుంది. 2024 జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్డీయేకి 350కి పైగా సీట్లు ఇచ్చాయి, 4వ తేదీన వచ్చినవి 293. మూడు రోజుల్లో పరీక్ష అయిపోయింది. మాలాంటివాళ్ళు చేయించే సర్వేకి కౌంటింగ్ రోజు ఉండదు. గోడౌన్ అద్దె, పిండి, జీతాలు పోయాక గానీ తెలియదు. అప్పుడు కూడా "మీ సేల్స్ టీమ్ సరిగా చేయలేదేమో" అనడానికి మీకు దారి ఉంటుంది. నాతో అన్నారు కూడా.

అందుకని అడుగుతున్నాను. ఇవి దయ చేయమని అడిగేవి కావు, డబ్బు కట్టేవాడి డిమాండ్లు.

1. ఫీల్డు పని ఎవరు చేస్తారో కొటేషన్లోనే రాయండి. మీ సొంత మనుషులా, సబ్ కాంట్రాక్టా, ఎన్ని చేతులు మారుతుంది, ఇంటర్వ్యూయర్‌కి రోజు కూలీనా, ఫారం లెక్కా, ఎంత? ఫారం లెక్కన 70 ఇచ్చి రోజుకి పదిహేను అడిగితే దొంగ ఫారాలు మీరే ఆర్డరిచ్చినట్టు. ఇది మన ఊరి రోగమే అనుకోకండి. 2025 ఏప్రిల్లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో 8 మందిపై అభియోగాలు మోపారు. ఏళ్ళ తరబడి దొంగ సర్వే జవాబులు తయారు చేయించి కోటి డాలర్ల మేర మోసం చేశారని ఆరోపణ. అక్కడ ప్రభుత్వం నేరంగా చూసింది. ఇక్కడ నా ఉత్తరం చింపి చూసినవాళ్ళు కూడా లేరు.

2. బ్యాక్ చెక్, అంటే ఇంటర్వ్యూ నిజంగా జరిగిందా అన్న తనిఖీ, ఎలా చేస్తారో, ఎంతమందిని చేస్తారో ముందే చెప్పి, అయ్యాక రుజువు ఇవ్వండి. పదింట ఒక ఇంటికైనా మళ్ళీ వెళ్ళాలి, లేదా ఫోను చేయాలి. ఆ పని చేసేది ఫీల్డు చేసినవాళ్ళు కాకుండా వేరేవాళ్ళు కావాలి. జవాబిచ్చినవాళ్ళ నంబర్లు మాకు ఇవ్వక్కర్లేదు. మూడో మనిషి చేత చెక్ చేయించి లెక్క చూపిస్తే చాలు. ఇదేమీ కొత్త ఉపాయం కాదు. 1931లో కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ బెంగాల్ జనపనార పంట సర్వేల్లో ఒకే ప్రాంతాన్ని రెండు బృందాలకు విడివిడిగా ఇచ్చి, ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చూసేవారు. తేడా వస్తే ఎవరో చెట్టు కింద కూర్చుని రాశారన్నమాట. ట్యాబులు, జీపీఎస్ లేని రోజుల మాట ఇది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి 1941లో ఆ సంస్థకే వెళ్ళిన సి.ఆర్. రావు గారు ప్రపంచమంతా గౌరవించే గణాంక శాస్త్రవేత్త అయ్యారు. ఆయన చదువుకున్న ఊళ్ళోనే నా లెక్క ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కన తయారైంది.

3. ప్రతి శాతం పక్కన ఎంతమందిని అడిగారో, ఎంత అటూఇటూ కావచ్చో రాయండి. 400 మందిని లాటరీ తీసినట్టు ఎంచి అడిగినా 5 శాతం దాకా తేడా రావచ్చు. దాన్ని 80 చొప్పున ముక్కలు చేస్తే తేడా 11 శాతం దాకా పోతుంది. గాజువాక 78, కంచరపాలెం 69 అని మీరు వేసిన బార్లలో అసలు తేడా ఉందో లేదో చెప్పలేం. ఆ తేడాను నమ్మే నేను గాజువాకలో కోల్డ్ రూమ్ కట్టాను. ఒక్క వాక్యం రాసి ఉంటే కట్టేవాణ్ణి కాదు.

4. ఫారం తెలుగులో రాయండి. ఇంగ్లీషులో రాసి మెషీన్లో తిప్పకండి. నా ఫారంలో జవాబులు ఇలా ఉన్నాయి: "అత్యంత సంభావ్యం, కొంత సంభావ్యం, అసంభావ్యం." కంచరపాలెంలో ఈ మాట ఎవరంటారండీ? "తప్పకుండా కొంటాం, చూస్తాం, కొనం" అంటే సరిపోయేది. ఫీల్డుకి వెళ్ళే ముందు పది ఇళ్ళలో మమ్మల్ని పక్కన ఉంచుకుని అడిగి చూడండి. ఇంకొక సంగతి. కుటుంబాలను తరగతులుగా విడదీయడానికి మీరు వాడే ఎన్‌సీసీఎస్ పద్ధతిలో ఇంటి ముఖ్య సంపాదనపరుడి చదువు, 11 వస్తువుల్లో ఎన్ని ఉన్నాయి అని చూస్తారు. ఆ 11లో ఫ్రిజ్ ఉంది, కారు ఉంది, పొలం కూడా ఉంది. గ్రైండర్ లేదు. సబ్బుకి, కారుకి ఆ జాబితా సరిపోతుందేమో. పిండి అమ్మేవాడికి ఇంట్లో గ్రైండర్ ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. రెడీమేడ్ జాబితా ఉంది కదా అని మా సరుకు గురించి ఆలోచించడం మానేశారు.

5. "అంతర్జాతీయ ప్రమాణాలు పాటిస్తాం" అని బ్రోచర్లో రాస్తే ఏ ప్రమాణమో రాయండి. ఈ రంగానికి ఐఎస్ఓ 20252 అని ప్రత్యేకంగా ఒకటి ఉంది. ఉంటే సర్టిఫికెట్ చూపించండి, ఏ ఆఫీసుకు, ఏ పనికి ఇచ్చారో అందులో ఉంటుంది. 1948 నుంచి ఉన్న ఎసోమార్ (ఈ రంగంవాళ్ళ అంతర్జాతీయ సంఘం) నియమావళి, 1988లో ఏర్పడ్డ మార్కెట్ రీసెర్చ్ సొసైటీ ఆఫ్ ఇండియా సభ్యత్వం, వీటిలో ఏది మీకు వర్తిస్తుందో చెప్పండి. ఆన్‌లైన్ శాంపిల్ కొనేవాళ్ళు సప్లయర్‌ని ఏమేం అడగాలో ఎసోమార్ 37 ప్రశ్నలు తయారు చేసింది. సంఘాల పెద్దలకు నా మనవి: అలాంటిదొకటి ఇంటింటి సర్వేకి, మా స్థాయి వ్యాపారికి అర్థమయ్యే తెలుగులో, ఒక్క పేజీలో ఇవ్వండి.

6. డబ్బు మూడు భాగాలుగా తీసుకోండి. చివరి భాగం డేటా ఫైలు, బ్యాక్ చెక్ లెక్క మా చేతికి వచ్చాకే. నా దగ్గర 60 శాతం అడ్వాన్సు, 40 శాతం పీపీటీ చూపించిన రోజున తీసుకున్నారు. ఇక నేను దేన్ని పట్టుకుని అడగాలి?

7. జిల్లా పరిశ్రమల కేంద్రాల అధికారులకు. లోను ఎలా తీసుకోవాలో, సబ్సిడీకి ఏ ఫారం నింపాలో మీరు చెబుతారు. సర్వే ఎలా కొనాలో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఒక నమూనా కాంట్రాక్టు తయారు చేసి కౌంటర్లో పెట్టండి. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే వినియోగ సర్వే లెక్కల్లోంచి మన రాష్ట్రం అంకెలు ఎలా తీసుకోవాలో ఏడాదికి ఒక్క పూట క్లాసు పెట్టినా చాలు. అదే లెక్కలకు రంగులు వేసి 20 పేజీలుగా మాకు అమ్మేవాళ్ళు తగ్గుతారు.

తోటి వ్యాపారులతో ఒక మాట. కంపెనీని ఎంచుకునేటప్పుడు పీపీటీ చేసిన మనిషితో కాదు, ఫీల్డు చూసే మనిషితో అరగంట కూర్చోండి. "పోయిన నెల ఏ ఊళ్ళో చేశారు, ఎన్ని ఫారాలు చెల్లవని తీసేశారు, ఎందుకు?" అని అడగండి. ఒక్క ఫారం కూడా తీసేయలేదని చెప్పేవాడి దగ్గర లేచి వచ్చేయండి. ఈ సర్వే జవాబుతో మీరు తీసుకోబోయే నిర్ణయం ఏమిటో ఒక కాగితం మీద రాసివ్వండి. రాయలేకపోతే ఆ సర్వే మీకు ఇంకా అవసరం లేదు, ఆ డబ్బుతో నాలుగు రోజులు మీరే వీధులు తిరగండి. నాకు నాలుగు రోజుల కాఫీ, బస్సు ఖర్చు రెండు వేలు కాలేదు.

చివరగా, నా పని చేసిన కంపెనీకి. ఈ లేఖ మీదాకా వస్తుందని తెలుసు. డబ్బంతా వెనక్కి ఇమ్మని అడగడం లేదు. 100 ఇళ్ళు, నేను ఒప్పుకున్న ఫారంతో, నా మనిషి పక్కన ఉండగా మళ్ళీ అడగండి. నెల రోజులు గడువు. ఫైలు, జీపీఎస్ పాయింట్లు గుర్తు పెట్టిన మ్యాపు నా దగ్గర భద్రంగా ఉన్నాయి, ఎప్పుడు వచ్చినా చూపిస్తాను. ఆ తర్వాత వినియోగదారుల కమిషనా, సివిల్ కోర్టా అన్నది మా లాయరు గారు చూసుకుంటారు.

ఇంకొకటి మర్చిపోయాను. ఆ కుర్రాడికి 61 ఫారాల డబ్బు ఇంకా రాలేదట. ఆ 61 నిజంగా ఇళ్ళకు వెళ్ళి చేసినవేనంటున్నాడు, టైములు చూస్తే నాకూ అలాగే అనిపిస్తోంది. ముందు అవి ఇచ్చేయండి. 4,270 రూపాయలు.

ఇట్లు,
పిండి వ్యాపారి,
రాజమహేంద్రవరం